కాంతితో దూరాన్ని కొలిచే లైడార్: చంద్రునిపై విక్రమ్ నుండి రహదారిపై కారు వరకు

నెల్లూరు: కోల్‌కతా - చెన్నై జాతీయ రహదారిపై కావలి నుండి తడ వరకు రాత్రివేళ ప్రయాణించే వాహనచోదకులను ఎక్కువగా భయపెట్టేది ఎదురుగా వచ్చే వాహనం కాదు. రహదారి అంచున, వెనుక దీపాలు వెలగకుండా నిలిచి ఉన్న లారీయే వారికి అసలు భయం. టైరు పగిలిన లారీ చుట్టూ డ్రైవరు నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ పెట్టి మరమ్మతు చేసుకుంటాడు. మరమ్మతు ముగిసిన తరువాత లారీ వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. గంటకు 80 కి.మీ. వేగంతో వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు ముందుకు సాగుతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకుపై కాలు వేయడానికి డ్రైవరుకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఆ లోపలే కారు 33 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డుపై పూర్తిగా ఆగడానికి మరో 40 మీటర్లు కావాలి. అంటే 70 మీటర్లకు ముందే ఆ లారీ కనిపించి తీరాలి. ఎదుటివారి కోసం హెడ్‌లైటు కాంతిని తగ్గించి నడిపే వేళ ఈ దూరం కనుచూపుకు అందడం కష్టం.

వీధి దీపాల అవసరం గాని, హెడ్‌లైటు అవసరం గాని లేకుండా చీకటిలో ఇంతకు రెండింతల దూరాన్ని కూడా కొలవగల సాధనం లైడార్. 'లైట్ డిటెక్షన్ అండ్ రేంజింగ్' అనే ఆంగ్ల పదబంధానికి ఇది సంక్షిప్త రూపం. స్వయంచోదక వాహనాల గురించి వచ్చే వార్తలలో ఈ పేరు తరచుగా వినిపిస్తున్నది. అయితే లేజర్ కొలత మన ప్రాంతానికి కొత్త కాదు. రహదారిపై పోలీసు సిబ్బంది పట్టుకొని నిలబడే లేజర్ స్పీడ్ గన్ పనిచేసేది ఈ సూత్రంపైననే. చలానా అందుకున్న వాహనచోదకుడు లైడార్‌తో అప్పటికే ఒకసారి పరిచయమైనట్లే. తిరుపతి సమీపంలోని గాదంకిలో, ప్రస్తుతం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా వ్యవహరిస్తున్న కేంద్రంలో, 1998లోనే జపాన్ సహకారంతో లైడార్ నెలకొల్పడం జరిగింది. రాత్రివేళ ఆకాశంలోకి ఆకుపచ్చని లేజర్ కిరణాన్ని పంపి, ధూళికణాలు, పలుచని మేఘాలు ఏ ఎత్తున ఉన్నవో అక్కడి శాస్త్రవేత్తలు దాని ద్వారా తెలుసుకుంటున్నారు. శ్రీహరికోట సంగతి ఈ వ్యాసంలో ముందుకు వస్తుంది.

కాలాన్ని కొలిచి దూరాన్ని తెలుసుకొనుట

బావిలోకి రాయి వేసి, నీటి చప్పుడు వినిపించేవరకు లెక్కపెట్టి లోతును అంచనా వేయడం మన పల్లెలలో అందరికీ తెలిసినదే. లైడార్ చేసేది కూడా అటువంటి పనే. ఒక లేజర్ స్పందనను ముందుకు పంపుతుంది. అది ఎదుటి వస్తువును తాకి చెల్లాచెదురు కాగా, అందులో అతి స్వల్ప భాగం వెనుకకు వస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో హెచ్చించి, రెండుతో భాగిస్తే దూరం తెలుస్తుంది.

సూత్రం ఇంత సులభమైనా ఆచరణలో చిక్కు ఉన్నది. కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు ప్రయాణిస్తుంది. నానో సెకను, అనగా సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో అది సాగే దూరం 30 సెంటీమీటర్లు. రాకపోకలు రెండూ లెక్కలోకి వస్తాయి కనుక గడియారం ఒక్క నానో సెకను తప్పితే కొలతలో 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. రెండు మూడు సెంటీమీటర్ల కచ్చితత్వం కావాలంటే నానో సెకనులో అయిదో వంతును కూడా కొలవగల గడియారం ఉండాలి. 200 మీటర్ల దూరంలోని లారీని తాకి కాంతి తిరిగి రావడానికి పట్టే కాలం సెకనులో పది లక్షల వంతులలో 1.33 వంతులు మాత్రమే. ఆ వ్యవధిలో 80 కి.మీ. వేగంతో పోతున్న కారు కదిలే దూరం మిల్లీమీటరులో వందకు మూడు వంతులు. కనుక ఒక్కొక్క కొలత విషయంలో కారు నిలిచి ఉన్నదనే భావించవచ్చు.

వెలువడిన కాంతిలో తిరిగి వచ్చేది ఎంత అన్నది రెండో చిక్కు. దూరం రెట్టింపైతే తిరిగి వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. తెల్లని గోడ కాంతిని బాగా వెనుకకు పంపుతుంది. మసిబారిన లారీ వెనుక భాగం అంతగా పంపదు. అందువలన తయారీదారులు తమ లైడార్ ఇన్ని మీటర్లు చూడగలదని ప్రకటించినప్పుడు, అది పది శాతం కాంతిని మాత్రమే వెనుకకు పంపే నల్లని వస్తువుకు వర్తించే లెక్కా, తెల్లని వస్తువుకు వర్తించే లెక్కా అన్నది తప్పక అడిగి తెలుసుకోవలసిన విషయం. లేజర్ శక్తిని పెంచితే సరిపోతుంది కదా అనే ప్రశ్న సహజం. కాని రోడ్డున పోయేవారి కంటికి హాని కలగరాదు. కార్లకు అమర్చే లైడార్లలో సాధారణంగా 905 లేదా 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని వాడుతారు. ఈ రెండూ కంటికి కనిపించనివే. మొదటిది రెటీనా వరకు చేరగలదు కాబట్టి దాని శక్తిని కట్టుదిట్టంగా పరిమితం చేస్తారు. రెండోది కంటి ముందు భాగంలోని నీటిలోనే ఇంకిపోతుంది కాబట్టి మరింత శక్తితో పంపవచ్చు. అయితే దానిని పసిగట్టే గ్రాహకాలు సాధారణ సిలికాన్‌తో తయారు కావు. అందుచేత వాటి ఖరీదు ఎక్కువ.

చుట్టూ చూచే కన్ను

ఒక్క కిరణం ఒక్క బిందువును మాత్రమే కొలుస్తుంది. పరిసరాలన్నీ తెలియాలంటే కిరణాలు చుట్టూ తిరగాలి. ఈ మార్గాన్ని తెరిచినవి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిర్వహించిన పోటీలు. 2004 మార్చిలో మొజావే ఎడారిలో జరిగిన మొదటి పోటీలో ఒక్క వాహనం కూడా గమ్యం చేరలేదు. అన్నిటికంటె ముందు సాగినది 12 కి.మీ. లోపలనే ఆగిపోయింది. 2005 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించిన 'స్టాన్లీ' అనే వాహనం 212 కి.మీ. మార్గాన్ని డ్రైవరు లేకుండా పూర్తి చేసి విజేతగా నిలిచింది. దాని పైకప్పుపై అయిదు లేజర్ కొలత సాధనాలు ఉండేవి. అదే పోటీలో పాల్గొన్న డేవిడ్ హాల్ అనే ఇంజనీరు, 64 లేజర్లను ఒకే స్తంభంలో అమర్చి గిరగిర తిప్పే పరికరాన్ని తన వెలోడైన్ సంస్థ ద్వారా తయారు చేశారు. 2007 నవంబరు నాటి నగర రహదారుల పోటీని పూర్తి చేసిన ఆరు వాహనాలలో అయిదు ఈ పరికరాన్నే వాడాయి.

అటువంటి పరికరం సెకనుకు పది లక్షలకు పైగా బిందువులను కొలుస్తుంది. ఈ బిందువులన్నీ కలిపి చూస్తే రోడ్డు, చెట్లు, మనుషులు, వాహనాలు చుక్కల ముగ్గు వలె, కాని మూడు కొలతలలో, కనిపిస్తాయి. దీనినే బిందు మేఘం అని వ్యవహరిస్తారు. ప్రక్కప్రక్క కిరణాల మధ్య డిగ్రీలో పదో వంతు కోణం ఉన్నదనుకుంటే, 100 మీటర్ల దూరంలో రెండు చుక్కల మధ్య ఎడం 17 సెంటీమీటర్లు, 200 మీటర్ల దూరంలో 35 సెంటీమీటర్లు. కాబట్టి అంత దూరాన పోతున్న మోటారు సైకిలుపై ఒక వరుసలో పడేవి రెండు చుక్కలే. అది మనిషో, స్తంభమో రెండు చుక్కలను బట్టి చెప్పడం సాధ్యం కాదు. దగ్గరయ్యే కొలది చుక్కలు పెరిగి ఆకారం తేటపడుతుంది.

తిరిగే స్తంభాలు ఖరీదైనవి, అరిగిపోయే భాగాలు గలవి. అందువలన ఇటీవలి పరికరాలలో గోరంత అద్దాలను ఊపడం ద్వారానో, కెమెరా ఫ్లాష్ వలె ఒక్కసారిగా కాంతిని వెదజల్లడం ద్వారానో పని జరుపుతున్నారు.

శ్రీహరికోట నుండి బయలుదేరిన స్వయంచోదక వాహనం

నెల్లూరు తీరం నుండి బయలుదేరి, తన దారిని లేజర్‌తో తానే కొలుచుకుంటూ గమ్యం చేరిన వాహనం ఒకటి ఉన్నది. అది కారు కాదు, చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట నుండి 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో అది తిరుపతి జిల్లాలో చేరినప్పటికీ, నెల్లూరు వాసులు దానిని తమదిగానే చెప్పుకుంటారు. అందులో తప్పేమీ లేదు.

అక్కడి నుండి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1లోనే లేజర్ కొలత పరికరం ఉండినది. చంద్రుని చుట్టూ 100 కి.మీ. ఎత్తున తిరుగుతూ, క్రిందికి కాంతిని పంపి కొండలను, గోతులను అది కొలిచింది. అంత ఎత్తు నుండి కాంతి పోయి రావడానికి సెకనులో పదివేల వంతులలో ఏడు వంతుల కాలం కూడా పట్టదు.

కొలవడం ఒక పని, కొలుస్తూ దిగడం మరొక పని. భూమి నుండి చంద్రునికి సంకేతం చేరడానికి సుమారు 1.3 సెకన్లు, జవాబు రావడానికి మరో 1.3 సెకన్లు పడుతుంది. సెకనుకు 1.68 కి.మీ. వేగంతో పోతున్న వాహనాన్ని ఇంత ఆలస్యంతో భూమిపై నుండి నడపడం అసాధ్యం. కనుక దిగే ప్రక్రియ మొదలైన తరువాత నిర్ణయాలన్నీ ల్యాండర్‌కే వదిలివేశారు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ ఈ దశలోనే, చంద్రతలానికి రెండు కి.మీ. ఎత్తున ఉండగా సంబంధం తెగి కూలిపోయింది. ఆ వాహనంలోనూ లేజర్ ఎత్తుమాపకం ఉన్నది. ఇంజిన్లు ఆశించిన దానికంటె అధికంగా వేగాన్ని తగ్గించడం వలన తేడాలు పోగుపడినవని, వాటిని వెంటనే సరిదిద్దుకొనే వీలు వ్యవస్థలో తగినంత లేకపోయినదని ఇస్రో తరువాత వివరించింది.

2023 జులై 14న మధ్యాహ్నం 2.35 గంటలకు బయలుదేరిన చంద్రయాన్-3 ల్యాండర్‌కు లేజర్ ఎత్తుమాపకంతోపాటు లేజర్ డాప్లర్ వేగమాపకాన్ని కొత్తగా జోడించారు. మనవైపు వచ్చే రైలు కూత హెచ్చు స్థాయిలో, దాటిపోయిన తరువాత తగ్గు స్థాయిలో వినిపించడం పాఠకులకు అనుభవమే. కాంతి విషయంలోనూ అంతే. చంద్రతలాన్ని తాకి వచ్చిన కాంతి పౌనఃపున్యంలోని మార్పును బట్టి వాహనం ఏ దిశలో ఎంత వేగంతో కదులుతున్నదో నేరుగా తెలుస్తుంది. ఆగస్టు 23న సాయంత్రం సుమారు 30 కి.మీ. ఎత్తు నుండి దిగుట ప్రారంభించిన విక్రమ్, 150 మీటర్ల ఎత్తున నిలిచి, క్రింద రాళ్లు గోతులు ఉన్నవేమో కెమెరాతో చూసుకొని, 6.04 గంటలకు నేలను తాకింది.

కార్ల తయారీలో కూడా ఇదే డాప్లర్ విధానాన్ని అనుసరించే లైడార్లు వస్తున్నాయి. సాధారణ లైడార్ ఒక వస్తువు వేగాన్ని తెలుసుకోవాలంటే రెండు మూడు కొలతలు తీసుకొని వ్యత్యాసం చూడాలి. డాప్లర్ లైడార్ ఒక్క కొలతలోనే దూరాన్ని, వేగాన్ని చెప్పగలదు. రోడ్డుపక్క నిలబడిన మనిషి అడుగు ముందుకు వేసిన క్షణాన్ని పట్టుకోవడంలో ఈ తేడాకు విలువ ఉన్నది.

కొలత వేరు, గుర్తింపు వేరు

లేజర్ ఉన్నంత మాత్రాన ప్రమాదం తప్పుతుందని భావించరాదు. 2018 మార్చి 18న అమెరికాలోని టెంపే నగరంలో ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచోదక కారు, రాత్రివేళ సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొనగా ఆమె మరణించారు. ఆ కారుపై లైడార్ ఉన్నది, అది పనిచేసింది కూడా. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే రాడార్, లైడార్ వ్యవస్థ ఆమెను పసిగట్టినట్లు ఆ దేశ రవాణా భద్రతా మండలి విచారణలో తేలింది. ఆ వ్యవధి కారును ఆపడానికి సరిపోతుంది. అయితే కంప్యూటరు ఆమెను ఒకసారి వాహనమని, మరొకసారి సైకిలని, ఇంకొకసారి గుర్తు తెలియని వస్తువని మార్చి మార్చి లెక్కించింది. పేరు మార్చినప్పుడల్లా ఆమె ఎటు కదులుతున్నదన్న అంచనా మొదటికి వచ్చింది. అత్యవసర సమయంలో బ్రేకు వేయవలసిన పరిశీలకురాలు రోడ్డును చూడడం లేదు.

దీనికి భిన్నమైన సంఘటన 2016 మే 7న ఫ్లోరిడాలో జరిగింది. కెమెరా, రాడార్ల ఆధారంగా నడుస్తున్న టెస్లా కారు, రోడ్డుకు అడ్డంగా తిరుగుతున్న తెల్లని ట్రెయిలరు క్రిందికి దూసుకుపోయి అందులోని వ్యక్తి మరణించారు. ఆ కారుకు లైడార్ లేదు. కదలకుండా ఉన్న వస్తువుల నుండి వచ్చే సంకేతాలను కారు రాడార్లు సామాన్యంగా పక్కన పెడతాయి. లేకపోతే ప్రతి బోర్డుకు, ప్రతి వంతెనకు బ్రేకు పడుతుంది. మన రహదారిపై నిలిచిపోయిన లారీ విషయంలో లైడార్ ఉపయోగం ఇక్కడే ఉన్నది. అది ఏ వస్తువో తెలియకపోయినా, అక్కడ ఒక వస్తువు ఉన్నదని, ఇంత ఎత్తు ఉన్నదని చెప్పగలదు. అయితే లారీ విడిచిపోయిన రాయి ఒక అడుగు ఎత్తు మాత్రమే ఉంటుంది. ముందు చెప్పిన చుక్కల లెక్క ప్రకారం 100 మీటర్ల దూరంలో దానిపై పడేవి ఒకటి రెండు వరుసల చుక్కలు. దానిని గతుకుగా తీసివేయాలా, ప్రమాదంగా పరిగణించాలా అన్నది లేజర్ చెప్పదు.

వర్షం, ఉప్పుగాలి

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈ తీరంలో కురిసే వాన లైడార్‌కు గట్టి పరీక్ష. ప్రతి చినుకు కొంత కాంతిని వెనుకకు పంపుతుంది. ఒకే స్పందనకు వచ్చే మొదటి ప్రతిధ్వనిని, చివరి ప్రతిధ్వనిని విడివిడిగా నమోదు చేసి, చినుకులను తొలగించి వెనుకనున్న వాహనాన్ని చూడగల పరికరాలు ఉన్నాయి. దట్టమైన పొగమంచులో మాత్రం లైడార్, కెమెరా రెండూ తడబడతాయి. ఆ సమయంలో రాడార్ ఒక్కటే అక్కరకు వస్తుంది. తడిసిన నున్నని రోడ్డు అద్దం వలె కాంతిని ముందుకే పంపివేయడం వలన రోడ్డు ఉన్న చోట శూన్యం ఉన్నట్లు కనిపించవచ్చు. ఇక కృష్ణపట్నం, మైపాడు వంటి చోట్ల సముద్రపు గాలికి వాహనాల అద్దాలపై ఉప్పు పొర పేరుకోవడం అందరూ చూసేదే. లైడార్ ముఖానికీ అది తప్పదు. నీటిని చిమ్మి తుడిచే ఏర్పాటు ఉండాలి. ప్రయోగశాలలో గుర్తుకు రాని ఇటువంటి చిన్న విషయాలే క్షేత్రంలో ముఖ్యమవుతాయి. రహదారిపై ఒక పక్కన ఆరబోసిన ధాన్యం, దాని హద్దుకు పెట్టిన రాళ్లు, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టరు ఏ విదేశీ కారు శిక్షణలోనూ ఉండవు.

హైదరాబాదులో జరుగుతున్న పరిశోధన

ఈ లోటును పూరించడానికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటి శాస్త్రవేత్తలు భారతీయ రహదారుల దృశ్యాలను సేకరించి 2018లో ఇంటెల్ సంస్థతో కలిసి 'ఇండియా డ్రైవింగ్ డేటాసెట్'ను విడుదల చేశారు. అందులో 10,000 చిత్రాలు ఉన్నాయి. ఆ తరువాత లైడార్ కొలతలను కూడా జోడించి ఐడిడి-3డి అనే సంకలనాన్ని రూపొందించారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటి హైదరాబాదు ప్రాంగణంలో, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం సహాయంతో 'తిహాన్' అనే స్వయంచోదక వాహనాల పరీక్షా క్షేత్రానికి 2020 డిసెంబరు 29న శంకుస్థాపన జరగగా, 2022 జులై 4న కేంద్ర మంత్రి డాక్టర్ జితేంద్ర సింగ్ దానిని ప్రారంభించారు. 2025లో ఆ ప్రాంగణంలో డ్రైవరు లేని విద్యుత్ మినీ బస్సులు విద్యార్థులను, సిబ్బందిని చేరవేయడం మొదలుపెట్టాయి.

చట్టం, ఉపాధి

ప్రాంగణం లోపల తిరగడం, జాతీయ రహదారిపై తిరగడం ఒకటి కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 2బి సెక్షను, నూతన ఆవిష్కరణలను, పరిశోధనను ప్రోత్సహించేందుకు కొన్ని రకాల వాహనాలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి కల్పించింది. అయితే డ్రైవరు లేని కార్లను దేశంలో అనుమతించబోమని, లక్షలాది మంది డ్రైవర్ల ఉపాధికి అది దెబ్బ అని కేంద్ర రహదారి రవాణా శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ 2017 జులైలో ప్రకటించారు, 2023 డిసెంబరులో పునరుద్ఘాటించారు. కృష్ణపట్నం రేవు నుండి సరుకు తరలించే లారీలపై ఆధారపడిన కుటుంబాలు ఈ తీరమండలాలలో అనేకం ఉన్నాయి. వారి దృష్టిలో ఇది దూరదేశపు సంగతి కాదు. అయితే డ్రైవరును తొలగించడానికి గాక, డ్రైవరుకు తోడుగా లైడార్‌ను వాడుకొనే మార్గం కూడా ఉన్నది. నిలిచి ఉన్న వాహనాన్ని ముందుగా గుర్తించి హెచ్చరించడం, అవసరమైతే బ్రేకు వేయడం వరకే పరిమితమయ్యే వ్యవస్థలో డ్రైవరు తన స్థానంలోనే ఉంటాడు. ఈ రచయిత అభిప్రాయంలో మన రహదారికి ముందుగా కావలసినది అదే.

లైడార్ గల కార్లు రాకమునుపే అందరికీ అందుబాటులో ఉన్న సాధనం రిఫ్లెక్టరు. వచ్చిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపడం దాని గుణం. విక్రమ్ ల్యాండర్‌పై అమెరికా సంస్థ నాసా అమర్చిన చిన్న ప్రతిఫలన అద్దాలు ఇదే సూత్రంపై పనిచేస్తాయి. 2023 డిసెంబరు 12న నాసా ఉపగ్రహం 100 కి.మీ. దూరం నుండి లేజర్ పంపగా వాటి నుండి జవాబు అందింది. లారీ, ట్రాక్టరు ట్రెయిలరుల వెనుక అంటించే ఎర్రని రిఫ్లెక్టరు పట్టీ మానవ నేత్రానికి, లైడార్‌కు కూడా దూరం నుండే మెరుస్తూ కనిపిస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 104వ నిబంధన రిఫ్లెక్టర్లకు సంబంధించినది. మట్టి, బురద పట్టి మూసుకుపోయిన పట్టీ నుండి కాంతి వెనుకకు రాదు కనుక, రాత్రి ప్రయాణానికి ముందు దానిని తడిగుడ్డతో తుడవవలసి ఉంటుంది. రహదారిపై వాహనం నిలిచిపోయినప్పుడు రాళ్లకు బదులు రిఫ్లెక్టరు త్రిభుజాన్ని తగినంత వెనుకగా నిలిపి, బయలుదేరే ముందు తిరిగి తీసుకొనవలెను.